పిల్లవాడే కదా అనే ధీమా

విజయవాడ వన్ టౌన్‌లో పిల్లల తలకు దెబ్బ ఎలా తగులుతుందో వెతకనక్కరలేదు. ఇంద్రకీలాద్రి వాలు మీద, గాంధీ కొండ చుట్టూ, చిట్టినగర్ వైపు ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి లేచాయి. ఆ ఇళ్ళకు దారి అంటే మెట్లే. ఒక మెట్టు జానెడు, ఇంకో మెట్టు మూరెడు. డాబా వేసిన ఇంట్లో పిట్టగోడ పని డబ్బులు సర్దుబాటయ్యే దాకా వాయిదా పడుతుంది. కిందికి దిగితే కాళేశ్వరరావు మార్కెట్, పంజా సెంటర్, నెహ్రూ బొమ్మ సెంటర్. సరుకు దించే లారీలు, సందు చూసుకుని దూరే ఆటోలు, ట్యాంకు మీద ఒకరిని, వెనక ఇద్దరిని ఎక్కించుకుని పోయే బైకులు. చాలా దేశాల్లో చిన్నపిల్లల తల గాయాలకు మొదటి కారణం పడిపోవడమే. వయసు పెరిగేకొద్దీ రోడ్డు ఆ స్థానంలోకి వస్తుంది. ఈ పేటలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దెబ్బ తగిలాక జరిగేదీ అందరికీ తెలిసిందే. స్కాన్ తీయిస్తారు, ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు, దెబ్బ పెద్దదైతే ఆపరేషన్, ఐసీయూ, కుట్లు విప్పించుకుని ఇంటికి. పలకరించడానికి వచ్చిన వాళ్ళంతా చెప్పే ధైర్యం ఒక్కటే. పిల్లవాడే కదా, ఎదిగే మెదడు, ఇట్టే సర్దుకుంటుంది. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ మాటతోనే చికిత్స ముగిసిపోతోంది, నష్టమంతా అక్కడే జరుగుతోంది. మెదడు ఇంకా ఎదుగుతోంది కాబట్టే దెబ్బ లెక్క తేలడానికి పదేళ్ళు పట్టవచ్చు. ఆ పదేళ్ళూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడున్న ఏర్పాట్లలో ఆ ఒకరు ఎవరూ లేరు.

ముందు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1930లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ కెనార్డ్ కోతుల మెదడులో కదలికలను నడిపే భాగాన్ని తొలగించి చూశారు. పెద్ద కోతులకు పోయిన పట్టు పోయినట్టే ఉండిపోతే, పిల్ల కోతులు చాలావరకు తేరుకున్నాయి. లేత వయసులో తగిలిన దెబ్బ తేలిక అనే నమ్మకం అక్కడి నుంచే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. ఆసుపత్రుల్లోనూ దానికి సాక్ష్యం కనిపించింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న కొందరు పిల్లలకు మెదడులో ఒక అర్ధభాగాన్నే తీసేస్తారు, లేదా మిగతా సగం నుంచి విడగొడతారు. అలాంటి పిల్లలు నడుస్తారు, మాట్లాడతారు, బడికి వెళతారు. ఎడమ సగం పోయిన పసివాడిలో భాష కుడి సగానికి మారుతుంది. యాభై ఏళ్ళ మనిషికి పక్షవాతంలో ఎడమ వైపు అంత భాగం పోతే మాట తిరిగి రావడం గగనం. మెదడుకు తన అల్లికను తానే మార్చుకునే ఈ గుణాన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటున్నారు. పసిపిల్లల మెదడులో నాడీకణాల మధ్య కలయికలు పెద్దవాళ్ళకన్నా ఎక్కువగా ఉంటాయని పీటర్ హుటెన్‌లోచర్ 1970ల చివర్లో సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి చూపించారు. వాడుకలో ఉన్నవి నిలుస్తాయి, వాడనివి రాలిపోతాయి. నుదుటి వెనక భాగంలో ఈ ఏరివేత కౌమారం దాటేదాకా సాగుతూనే ఉంటుంది. ఇన్ని మిగులు దారులున్న మెదడు కొత్త దారి వెతుక్కోవడంలో వింత లేదు.

అయితే కెనార్డ్ కోతికి పోయింది ఒక్క చోట. మెట్ల మీంచి దొర్లిన పిల్లవాడికి పోయేది ఒక్క చోట కాదు. పుర్రె లోపల మెదడు విసురుగా కదిలి మెలితిరుగుతుంది. దూరదూరంగా ఉన్న ప్రాంతాలను కలిపే పొడవాటి నాడీ తంతువులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. మామూలు సీటీ స్కాన్‌లో రక్తం గడ్డ కనిపిస్తుంది, పుర్రె పగులు కనిపిస్తుంది, ఈ తెగిన తంతువులు చాలాసార్లు కనిపించవు. స్కాన్ నార్మల్ అన్నారని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ మాటకు అర్థం, ఆపరేషన్ చేయాల్సింది ఏమీ లేదని మాత్రమే. చెడిన భాగం పని పక్క భాగం అందుకోవాలంటే పక్క భాగం చెక్కుచెదరకుండా ఉండాలి కదా. దెబ్బ మెదడంతా పరుచుకుంటే అందుకునేదెవరు? పోనీ అందుకున్నా, అది ఉచితంగా రాదు. ప్రకాశం బ్యారేజీ కింద ఒక కాలువకు గండి పడితే ఇంజినీర్లు పక్క కాలువలోంచి నీరు మళ్ళిస్తారు. ఎగువ పొలాలు తడుస్తాయి, అంతా చక్కబడినట్టే ఉంటుంది. ఉన్న నీరే పంచుకోవాలి గనక ఎండేది చివరి ఆయకట్టు. ఆ సంగతి గండి పడిన నాడు తెలియదు, నాట్లు వేసి నీటికోసం ఎదురుచూసే నాడు తెలుస్తుంది. భాష కుడివైపుకు మారిన పిల్లల్లో ఆ వైపు సహజంగా చేయాల్సిన పనులు, అంటే ఆకారాలను పోల్చుకోవడం, దూరాలు అంచనా కట్టడం వంటివి వెనకబడటాన్ని నాడీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నడో గమనించారు.

ఇంకో చిక్కు దీనికన్నా లోతైనది. పెద్దవాడికి దెబ్బ తగిలితే నేర్చినది పోతుంది, అదేమిటో వెంటనే తెలుస్తుంది. మూడేళ్ళ పిల్లకు పోయేది ఇంకా నేర్వని విద్య. రేపటి పనికి ఇవాళ ఏర్పాటు చేసుకోవడం, కోపం ఆపుకోవడం, ఒక పని మధ్యలో ఇంకోటి చేసి మళ్ళీ మొదటిదానికి రావడం, ఇవేవీ ఆ వయసులో ఆ పిల్లను ఎవరూ అడగరు. అడగని విద్య లేదని ఎలా తెలుస్తుంది? పదమూడేళ్ళకు అందరూ అడుగుతారు, అప్పుడు బయటపడుతుంది. లేత వయసులో పడిన దెబ్బ ఆపైన రావలసిన తెలివి పునాదినే తినేయవచ్చని డొనాల్డ్ హెబ్ 1940లలోనే హెచ్చరించారు. మెల్‌బోర్న్‌లో విక్కీ ఆండర్సన్ బృందం, స్కాన్‌లో మెదడు గాయం స్పష్టంగా ఉన్న పిల్లలను గాయపడిన వయసును బట్టి పోల్చి 2009లో ఫలితాలు ప్రచురించింది. రెండేళ్ళలోపు గాయపడిన వాళ్ళు దాదాపు అన్ని రకాల పరీక్షల్లోనూ వెనకబడ్డారు, ఇంకా పెద్ద వయసులో గాయపడిన వాళ్ళు మామూలు పిల్లలకు దగ్గరగా ఉన్నారు. తేలిక అనుకున్న వయసే అన్నిటికన్నా బరువైనదిగా తేలింది. పాపం కెనార్డ్ కూడా అంత తేలికని ఎక్కడా తేల్చేయలేదు. తన పిల్ల కోతుల్లో కొన్నింటికి ఎదిగేకొద్దీ కొత్త లోపాలు బయటపడటాన్ని ఆమే రాసిపెట్టారు. తర్వాతి వాళ్ళు ఆమె పేరిట ఒక సూత్రం అచ్చేసి, ఆ సగాన్ని వదిలేశారు.

ఈ దాగిన నష్టం బయటపడే చోటు ఆసుపత్రి కాదు, బడి. అందులోనూ మన బడి. తల గాయం ముందుగా తినేది ఆలోచన వేగాన్ని, ఎక్కువసేపు ధ్యాస నిలపగలగడాన్ని, విన్నది కాసేపు మనసులో పట్టుకుని దానితో పని చేయగలగడాన్ని. విజయవాడ చుట్టూ నలభై ఏళ్ళుగా పెరిగిన చదువుల పద్ధతి సరిగ్గా ఈ మూడింటి మీదే నడుస్తుంది. తెల్లవారుజామున స్టడీ అవర్, వారానికో పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్, నిమిషానికో ప్రశ్న. అయిదేళ్ళప్పుడు డాబా మీంచి పడి లేచిన పిల్లవాడు అంకెలూ అక్షరాలూ బాగానే నేర్చుకుంటాడు, ఒకటి నుంచి నాలుగు దాకా ఎవరికీ అనుమానం రాదు. ఆరో ఏడో తరగతికి వచ్చేసరికి నోట్సు పూర్తి కాదు. మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు. చెప్పిన రెండు పనుల్లో ఒకటి మర్చిపోతాడు. చిన్నమాటకు చేయి చేసుకుంటాడు. అప్పటికి ఆ డిశ్చార్జి కాగితం ఏ బీరువా అడుగునో ఉంటుంది. టీచరుకు ఆ సంగతి తెలియదు, తల్లికి ఆనాటి దెబ్బకూ ఈ తీరుకూ సంబంధం తట్టదు. బద్ధకం అంటారు, పొగరు అంటారు, ఫోను చూసి పాడైపోయాడంటారు. చేయి చేసుకునే ఇళ్ళలో దెబ్బలు కూడా పడతాయి, అవీ తల మీదే.

ఇలా రాస్తే ఊరికే భయపెడుతున్నారనే మాట వస్తుంది. న్యాయమైన మాటే. పిల్లల తలకు తగిలే దెబ్బల్లో అత్యధికం ఏ మచ్చా మిగల్చకుండా పోతాయి. అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తలకు దెబ్బ తగిలినా స్పృహలోనే ఉన్న పిల్లల్లో పట్టించుకోవలసిన మెదడు గాయం తేలింది నూటికి ఒక్కరికన్నా తక్కువ మందిలో. ఆ అధ్యయనం అసలు ఉద్దేశమే అనవసరపు సీటీ స్కాన్లను తగ్గించడం. పిల్లల లేత కణాల మీద రేడియేషన్ ప్రభావం ఎక్కువ కనక. సూర్యారావుపేట, నక్కల రోడ్డు చుట్టుపక్కల స్కాన్ సెంటర్లున్న ఊళ్ళో ఈ ముక్క గట్టిగానే చెప్పాలి. వాంతులు లేక, మత్తు లేక, ఆడుకుంటున్న పిల్లకు స్కాన్ అడిగి తీయించుకోవడం మేలు కన్నా కీడు. అయితే ఇదే నాణేనికి ఇంకో వైపు ఉంది. కెనడాలో కంకషన్‌తో, అంటే స్వల్ప మెదడు గాయంతో, అత్యవసర విభాగాలకు వచ్చిన 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలను అనుసరించి చూస్తే, దాదాపు మూడో వంతు మందిలో నాలుగు వారాల తర్వాత కూడా లక్షణాలు మిగిలే ఉన్నాయి. స్కాన్ అక్కరలేని దెబ్బ వేరు, కనిపెట్టుకుని ఉండనక్కరలేని దెబ్బ వేరు. మన దగ్గర స్కాన్‌కు డబ్బు పెట్టి, కనిపెట్టుకుని ఉండటం మానేస్తున్నాం.

దీనికన్నా పదునైన అభ్యంతరం ఇంకొకటి. పడేది అల్లరి పిల్లలు, బీద ఇళ్ళ పిల్లలు. చదువులో వాళ్ళు వెనకబడటానికి అల్లరి, బీదరికం చాలవా, దెబ్బను ఎందుకు ఆడిపోసుకోవడం? స్వీడన్‌లో 1973, 1985 మధ్య పుట్టిన పదకొండు లక్షల మంది రికార్డులతో 2016లో వచ్చిన అధ్యయనం ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. 25 ఏళ్ళలోపు తలకు గాయమైన వాళ్ళను, గాయం కాని సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో పోల్చింది. ఇల్లు ఒకటే, తల్లిదండ్రులు ఒకరే. తేడా తగ్గింది, పోలేదు. గాయపడిన వారిలో చదువు మధ్యలో ఆగడం, మానసిక చికిత్స అవసరం కావడం, పని చేయలేక పింఛను మీద బతకడం ఎక్కువగానే మిగిలాయి. నా వాదనకు అడ్డువచ్చే సంగతి కూడా ఆ అధ్యయనంలో ఉంది, దాచడం సబబు కాదు. మొదటి దెబ్బ ఇరవై దాటాక తగిలిన వాళ్ళకే, పసితనంలో తగిలిన వాళ్ళకన్నా ఎక్కువ ముప్పు కనిపించింది. ఆ లెక్కలో ఉన్నవి చాలావరకు స్వల్ప గాయాలు. దెబ్బ చిన్నదైతే పసి మెదడుకు నిజంగానే పూడ్చుకునే వ్యవధి దొరుకుతుందని, పెద్దదైతే ఆ వయసే శాపమవుతుందని మెల్‌బోర్న్ ఫలితాన్నీ దీన్నీ కలిపి చదివితే నాకు తోస్తోంది. లేత వయసు మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తేల్చలేం. అలా తేలనప్పుడు డిశ్చార్జి నాడే తీర్పు చెప్పేయడం ఇంకా తప్పు.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల బీద పిల్లవాడి మెదడు ఆపరేషన్‌కు ఇల్లు తాకట్టు పెట్టే అవసరం తప్పింది. చిన్న విషయం కాదు. అయితే ప్యాకేజీ అనే పద్ధతి చేరిక నుంచి లెక్క మొదలుపెట్టి, డిశ్చార్జితోనో ఆ తర్వాత కొద్దికాలానికో ముగిస్తుంది. ఆరేళ్ళ తర్వాత ఏడో తరగతిలో తేలే లోపానికి అందులో గడి ఉండదు. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను పరీక్షించాల్సిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అది వెతికే జబ్బుల పట్టికలో గ్రహణమొర్రి, గుండె జబ్బు, వినికిడి లోపం, మూర్ఛ, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నాయి. తల గాయం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేరుపేరునా చెప్పింది, తల గాయం అందులోనూ లేదు. అమెరికాలో 1990లోనే ప్రత్యేక విద్య చట్టంలో మెదడు గాయాన్ని విడి వర్గంగా చేర్చారు. పేరు చేర్చినంత మాత్రాన పిల్లలు బాగుపడిపోరు, నిజమే. కానీ పేరు లేని లోపాన్ని ఎవరూ లెక్కపెట్టరు, లెక్కలో లేని పిల్లకు టీచరు రాడు. మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం శిక్షణ పొందిన టీచర్లు, ఫిజియోథెరపీ అక్కడ దొరుకుతాయి. నడవలేని పిల్లను అక్కడికి పంపాలని అందరికీ తెలుసు. నడుస్తూ, నవ్వుతూ, లెక్కల్లో మాత్రం తప్పుతున్న పిల్లను పంపాలని ఎవరికి తడుతుంది?

డబ్బెక్కడిది, న్యూరో సైకాలజిస్టులెక్కడ అనే మాట దీని వెంటే వస్తుంది. వాళ్ళు కావాలి, పెరగాలి. అంతవరకు చేతులు కట్టుకోనక్కరలేదని బ్రెజిల్ చూపించింది. ధనిక దేశం కాదది. అక్కడి సారా ఆసుపత్రుల్లో లూసియా బ్రాగా బృందం తల గాయమైన 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు నిపుణులే నేరుగా చికిత్స చేశారు. రెండో జట్టులో నిపుణులు తల్లిదండ్రులకు నేర్పారు, తల్లిదండ్రులు ఇంట్లో రోజువారీ పనుల్లో కలిపి చేయించారు. ఏడాది గడిచాక రెండో జట్టు పిల్లలే ఎక్కువ మెరుగుపడ్డారు. తల్లిదండ్రులు పెద్దగా చదువుకున్నారా లేదా అన్నది అడ్డం కాలేదు. 2005లో అచ్చయిన ఈ ఫలితం మన పేటలకు అతికినట్టు సరిపోతుంది. నాలుగు సరుకులు చీటీ లేకుండా గుర్తుపెట్టుకుని కాళేశ్వరరావు మార్కెట్ నుంచి తెమ్మనడం, చిల్లర లెక్క చెప్పించడం, నాయనమ్మ చెప్పిన కథను మర్నాడు తిరిగి చెప్పించడం, పొద్దున్నే సంచి సర్దుకోవడానికి గోడ మీద బొమ్మల వరస అంటించడం. వీటికి గది అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. ఏ పిల్లకు ఏది, ఎంత, ఎప్పుడు పెంచాలి అని నెలకోసారి చెప్పే మనిషి కావాలి. మెదడు మారేది వాడుక వల్ల. బలహీనమైన చేతినే వాడక తప్పని పరిస్థితి కల్పించి, మంచి చేతికి కొన్ని గంటలపాటు తొడుగు వేసే చికిత్స పక్క చచ్చుబడిన పిల్లల్లో పనిచేస్తోందంటే కారణం అదే. పిల్ల మెదడు మలుచుకుంటుందని అందరం అంటాం. దేనితో మలుచుకుంటుందో, ఎవరు మలుస్తారో అడగం. ఏమీ చేయకపోయినా మలుచుకోవడం జరిగేదే, కాకపోతే టీవీ ముందు, తిట్ల మధ్య జరుగుతుంది.

పిల్లకు ముద్ర వేస్తారు, పెళ్ళి సంబంధాల దాకా అది వెంటాడుతుంది, ఎందుకొచ్చిన గొడవ అనే తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ళ భయం వట్టిది కాదు. మొద్దు అన్న ముద్ర అంతకన్నా మేలైనదా అన్నదే వాళ్ళు వేసుకోవలసిన ప్రశ్న. పైగా ప్రతి సాయానికీ సదరం వైకల్య సర్టిఫికెట్టు, 40 శాతం వైకల్యం ఉండితీరాలన్న నియమం లేదు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి 40 శాతం హద్దుతో పని లేకుండా సహాయకుణ్ణి ఇవ్వాలని తీర్పు చెప్పింది. తగిన వెసులుబాటు కల్పించడం చట్టం పెట్టిన బాధ్యత అంది. నెమ్మదిగా ఆలోచించే పిల్లకు పరీక్షలో మరో అరగంట ఇవ్వడం ఆ తీర్పు స్ఫూర్తికి దూరం కాదు. అసలు దెబ్బే తగలకుండా చూడండి అనేవారితో నాకు తగాదా లేదు. నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ హెల్మెట్ పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది, అంతకన్నా చిన్నవాళ్ళకు 2023 ఫిబ్రవరి నుంచి పట్టీ, హెల్మెట్ రెండూ తప్పనిసరి. పంజా సెంటర్‌లో పది నిమిషాలు నిలబడితే ఆ చట్టం సంగతి తెలిసిపోతుంది. కొండ మీది ఇళ్ళకు నగరపాలక సంస్థ మెట్లకు కమ్మీలు, డాబాలకు పిట్టగోడలు కట్టిస్తే ఎన్ని తలలు దక్కుతాయో. అవన్నీ జరగాలి. ఇప్పటికే దెబ్బ తిని బళ్ళలో కూర్చున్న పిల్లలకు మాత్రం అవి ఆలస్యమయ్యాయి.

ఆ పిల్లల కోసం చేయాల్సింది ఆసుపత్రికీ బడికీ మధ్య ఒక కాగితం నడిపించడం. డిశ్చార్జి సారాంశంతో పాటు బడికి ఒక పేజీ, తెలుగులో. దెబ్బ ఏ తేదీన తగిలింది, ఎంతసేపు స్పృహ లేదు, ఏమేం గమనించాలి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేది ఇదే కోవ. స్వల్ప గాయమైతే రెండు మూడు రోజులకు మించి మంచాన పడుకోబెట్టకుండా, మెల్లమెల్లగా పనుల్లోకి, చదువులోకి తేవాలి. మన ఇళ్ళలో ఒకరు మర్నాడే పంపేస్తారు, ఇంకొకరు మూడు నెలలు పడుకోబెడతారు. ఆ పేజీలో రాయాల్సినవి ఇవి: మొదట్లో పూట బడి, గంటకోసారి కాస్త విరామం, ముందు బల్ల, రాసేది తగ్గింపు, తల మళ్ళీ తగిలే ఆటలు కొన్నాళ్ళు వద్దు. గట్టిగా దెబ్బ తగిలిన పిల్లలను అయిదు, ఎనిమిది, పది తరగతుల ముందు ఒకసారి భవిత టీచరు కూర్చోబెట్టి చూడాలి. వైద్య శాఖ, విద్యా శాఖ కలిసి ఉత్తర్వు ఇచ్చేదాకా మిగతావి ఆగినా, ఒక పని ఆగనక్కరలేదు. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు నింపే చేరిక ఫారంలో, పిల్ల ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉందా, ఏ వయసులో అని ఒక గడి అదనంగా గీయాలి. దానికి జీవో అక్కరలేదు, ప్రధానోపాధ్యాయుడి దగ్గరున్న స్కేలు, పెన్ను చాలు.